మామ కెమెరాలో 15 దగ్గర ఆగిపోయిన రీలు: ఇప్పుడు కడిగించవచ్చా?

పెన్నా ఇసుక (కడప):

అందరికీ నమస్కారం. నేను కడపలో ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఫొటోల గురించి నాకు పెద్దగా తెలియదు. తెలిసినవారు దయచేసి కొంచెం ఓపికగా చదివి సలహా చెప్పండి.

మా మేనమామ చాలా ఏళ్లు కువైట్‌లో డ్రైవరుగా పని చేశారు. మా వైపు ఊళ్లలో ఇంటికొకరు అలా వెళ్లినవారే. 1980ల మొదట్లో ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఒక కెమెరా తెచ్చుకున్నారు. పోయిన ఉగాదికి ముందు ఆయన కాలం చేశారు. పెద్దకర్మ అయ్యాక మా అత్త ఆయన ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టి ఉన్న ఈ కెమెరాను అమ్మ చేతిలో పెట్టింది.

మామూలు కెమెరాలా లేదు. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. సబ్బుపెట్టెను కొంచెం పెద్దది చేసి దానికి లెన్సు తగిలించినట్టు ఉంటుంది. మినోల్టా 110 జూమ్ ఎస్‌ఎల్‌ఆర్ అని రాసి ఉంది. లెన్సు చుట్టూ 25 నుంచి 50 వరకు అంకెలు ఉన్నాయి. వెనకవైపు తలుపుకు చిన్న కిటికీ. అందులోంచి పసుపుపచ్చ కాగితం మీద కొడాకలర్ అనే పేరు, పక్కన 15 అనే అంకె కనిపిస్తున్నాయి. అంటే లోపల రీలు ఉంది. మామ పద్నాలుగు ఫొటోలు తీసి ఆపేశారన్నమాట.

ఇది తెలియక ముందే నేను ఒక తప్పు చేశాను. బ్యాటరీ మూత అనుకుని వెనక తలుపు తీశాను. లోపల నల్లటి ప్లాస్టిక్ పెట్టె కనిపించగానే భయపడి మూసేశాను. రెండు మూడు సెకన్లు పట్టి ఉంటుంది. అది పగలు, వరండాలో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా అవ్వవి మొత్తం రెండే ఫొటోలు ఉన్నాయి. ఒకటి ఎవరిదో పెళ్లిలో, ముందు నిలబడినవారి భుజం వెనక సగం మొహం. రెండోది ఆమె పోయిన తర్వాత కూర్చోబెట్టి తీయించినది. దాన్ని అమ్మ చూడదు, గోడకు తగిలించనివ్వదు. మామ ఆ సెలవులో అవ్వను ఫొటో తీశారని, ఆమె అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉందని అమ్మకు గట్టిగా గుర్తు. ఆ ఫొటో ఎన్నడూ ఇంటికి రాలేదు.

నేను తలుపు తీసినందుకు అంతా పోయినట్టేనా? నలభై ఏళ్లు దాటిన రీలులో బొమ్మ నిలుస్తుందా? కడిగేవారు మన సీమలో ఎవరైనా ఉన్నారా? కడపలో రెండు స్టూడియోల్లో అడిగాను. ఒకరు నవ్వారు. ఇంకొకరు ఆ పెట్టెను చూడటం ఇదే మొదటిసారి అన్నారు.

మర్రిమాను నీడ (అనంతపురం):

అక్కా, ముందుగా మీ చేతిలో ఉన్నది ఏమిటో చెబుతాను. కొడాక్ 1972లో ఈ 110 అనే చిన్న రీలును తెచ్చింది. ఫిల్ము 16 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక్కో ఫ్రేము 13కు 17 మిల్లీమీటర్లు, చూపుడువేలి గోరంత. అంత చిన్న బొమ్మకు పెట్టిన కెమెరాలు చాలావరకు చవకవి, ఒకే లెన్సుతో వచ్చేవి. మినోల్టా 1976లో దీనికే అసలైన జూమ్ లెన్సు పెట్టింది, పైగా లెన్సులోంచే చూసి ఫోకస్ చేసుకునేలా తయారు చేసింది, ఎస్‌ఎల్‌ఆర్ అంటే అదే. 110లో అలాంటిది అదే మొదటిది. ఆ 25, 50 అంకెలను మామూలు 35 ఎం.ఎం. కెమెరా లెక్కలో సుమారు రెట్టింపు చేసుకోండి. అంటే కన్ను చూసినంత మేర నుంచి, మనిషి మొహాన్ని దగ్గరకు లాగేంత వరకు.

నా దగ్గర ఉన్నది దీనికి వరసకు తమ్ముడు, పెంటాక్స్ ఆటో 110. అది 1978 నాటిది, అరచేతిలో ఇమిడిపోతుంది. దానికి లెన్సులు మార్చుకోవచ్చు. తర్వాత వచ్చిన 20-40 జూమ్ కూడా నా దగ్గర ఉంది. దానితో తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయంలో గోపురాల మీద చెక్కడాలు తీశాను. గోరంత ఫిల్ములో అంత రాతిపని పడుతుందని అనుకోలేదు. పెద్దది చేస్తే గింజ, అంటే బొమ్మంతా ఇసుక చల్లినట్టు చుక్కలు, కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నల్లరాతికి ఆ గింజ నప్పింది.

మీ కెమెరాకు రెండు బటన్ బ్యాటరీలు కావాలి. ఎస్‌ఆర్44 అని అడిగి తీసుకోండి. ఎల్‌ఆర్44 కూడా అదే కొలత కానీ వాడుతుంటే దాని వోల్టేజి క్రమంగా దిగిపోతుంది, వెలుతురు లెక్క తప్పుతుంది. పాత బ్యాటరీలు లోపలే ఉండి తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే, చెవి పుల్లను వెనిగర్‌లో కొంచెం తడిపి తుడవండి. కారేంత తడి వద్దు. బ్యాటరీ మూత తీసినా రీలుకు ఏమీ కాదు. వెనక తలుపు జోలికి మాత్రం వెళ్లకండి.

ఇక రీలు సంగతి. 15 నుంచి 24 వరకు ఇంకా పది ఉన్నాయి కదా. బ్యాటరీలు వేసి వాటిని కూడా తీసేసి, చివరిదాకా తిప్పి, అప్పుడు కడిగించండి. మామ మొదలుపెట్టిన రీలును మీరు పూర్తి చేసినట్టు ఉంటుంది. కానీ ఎక్కడికి పంపుతారో చూసి పంపండి. నేను రెండేళ్ల క్రితం ఒక కొత్త 110 రీలును ఒక పెద్ద నగరంలోని ల్యాబుకు పంపాను. వాళ్లు దాన్ని వెడల్పాటి ఫిల్ముకు అతికించి యంత్రంలోకి వదిలారు. మధ్యలో ఊడి లోపల చుట్టుకుపోయింది. నాకు తిరిగి వచ్చింది ఆరు ఫ్రేములు. పోయినవాటిలో తిమ్మమ్మ మర్రిమాను కింద మా నాన్న నిలబడిన ఫొటో ఉంది.

బురుజు వీధి (కర్నూలు):

అమ్మా, ముందు నీ భయం తీరుస్తాను. నువ్వు తలుపు తీసినందుకు మీ మామ తీసిన పద్నాలుగు ఫొటోల్లో పోయేది చాలా తక్కువ. 110 పెట్టె కట్టుబడి అలాంటిది. ఒక పక్క కొత్త ఫిల్ము ఉండే గది, ఇంకో పక్క తీసిన ఫిల్ము చుట్టుకునే గది, రెండూ మూసి ఉంటాయి. మధ్యలో ఒక్క ఫ్రేమంత తెరిచి ఉంటుంది. ఫిల్ము వెనక నల్ల కాగితం కాపు ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ మధ్యలో ఉన్న 15కు తగులుతుంది, అది ఎలాగూ తీయనిది. మహా అయితే 14 అంచుకు కొంచెం పాకుతుంది. ఈ రోజు నిద్రపో.

నేను కర్నూలు పాతబస్తీలో 31 ఏళ్లు స్టూడియో నడిపాను. ఇప్పుడు షాపు లేదు, ఇంట్లో ఒక గది ఉంది, చేతిలో పని ఇంకా ఉంది.

అనంతపురం తమ్ముడు కెమెరా గురించి చెప్పినదంతా సరైనదే. ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. ఆ మిగిలిన పది ఫ్రేములు తీయవద్దమ్మా, లీవరు కూడా తిప్పవద్దు. అవి నాకు కావాలి. ఎందుకో చెబుతాను.

ఇంత పాత ఫిల్ముకు రెండు రోగాలు. తీసిన బొమ్మ ఏటికేడు పలచబడుతుంది. తీయని చోట కూడా ఫిల్ము దానంతట అది మసకపడుతుంది. బొమ్మ కిందికి దిగుతుంటే మసక పైకి లేస్తుంది. మన రేకుల ఇళ్లలో, ట్రంకుపెట్టెల్లో, నలభై ఎండాకాలాలు అంటే అది ఎంత లేచి ఉంటుందో ఊహించుకో. కడిగే మందులో ఎంతసేపు ఉంచాలో పాత పుస్తకాల్లో ఉన్న లెక్క దీనికి పనికిరాదు. అందుకే ముందు చీకట్లో పెట్టె విరిచి, తీయని వైపు నుంచి రెండు మూడు ఫ్రేముల ముక్క కత్తిరించి, దాన్ని ఒక్కదాన్నే కడిగి చూస్తాను.

ఇక్కడ కొడాక్‌వాళ్లు మనకు తెలియకుండానే ఒక మేలు చేసి పెట్టారు. వాళ్ల 110 ఫిల్ము మీద ప్రతి ఫ్రేము చుట్టూ గీత, పక్కన అంకె ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చు వేసి పంపేవారు. కడిగితే గానీ అవి కనిపించవు. మీ మామ ఫొటోల వయసూ ఆ గీతల వయసూ ఇంచుమించు ఒకటే. తీయని ముక్క మీద కూడా అవి ఉంటాయి. ముక్కను కడిగినప్పుడు మసకలోంచి ఆ గీత తేలి వస్తే, అంతే సమయంలో బొమ్మ కూడా తేలుతుందని ధైర్యం. గీత కూడా మునిగిపోతే సమయం తగ్గించి ఇంకో ముక్క వేస్తాను. కొత్తగా తీసిన ఫొటోలు పెట్టుకుని పరీక్షిస్తే ఈ సంగతి తెలియదు. వాటి బొమ్మ నిన్నటిది, మీ అవ్వ బొమ్మ నలభై ఏళ్లది.

రంగుల మీద ఆశ పెట్టుకోకు. కొడాకలర్‌ను రంగుల పద్ధతిలో 38 డిగ్రీల వేడిలో కడగాలి. ఇంత పాతదాన్ని అలా కడిగితే మసక కూడా బాగా ఉడుకుతుంది, రంగులు ఎలాగూ నిలబడి ఉండవు. నలుపు-తెలుపు మందులో చల్లగా కడుగుతాను. హెచ్‌సి-110 అని ఒక మందు ఉంది. పేరులో 110 ఉన్నా ఈ రీలుకూ దానికీ సంబంధం లేదు. తేనెలా చిక్కగా ఉండే పాతరకం సీసా ఒకటి నా దగ్గర ఉంది. మసకను అదుపులో పెట్టడంలో దానికి మంచి పేరు. ఒక వంతు మందుకు 31 వంతుల నీళ్లు. నెగెటివ్ మీద నారింజరంగు పొర అలాగే ఉంటుంది, చూడటానికి మట్టిముద్దలా కనిపిస్తుంది. దాని వెనక మంచి దీపం పెట్టి చూస్తే బొమ్మ తెలుస్తుంది.

యంత్రం అక్కర్లేదు. 24 ఫ్రేముల ఫిల్ము రెండడుగుల పైచిలుకు ఉంటుంది, అంతే. ట్యాంకులో ఎక్కించడానికి ఇంత సన్నదానికి సరిపడే చక్రం నా దగ్గర లేదు. మా గురువు నేర్పిన పద్ధతి ఉంది. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, ట్రేలో మందు పోసుకుని, ఉయ్యాలలా ఈ కొస దించి ఆ కొస ఎత్తి, ఆ కొస దించి ఈ కొస ఎత్తి, ఆపకుండా ఆడించాలి. ఆరేడు నిమిషాలు. ఎర్ర దీపం కూడా ఉండకూడదు, కటిక చీకటి. మోచేతులు నొప్పెడతాయి కానీ ఫిల్ము మన వేళ్లలోనే ఉంటుంది, ఎక్కడా చిక్కుకోదు.

వేసవిలో మాత్రం చేయను. మే నెలలో మా కుళాయి నీళ్లు చేయి పెడితే చురుక్కుమంటాయి. మందు 20 డిగ్రీలు ఉండాలి. ఐసుగడ్డల బక్కెట్లో ట్రే పెట్టి చేయవచ్చు, చేశాను కూడా. కానీ పని మధ్యలో వేడి మారుతూ ఉంటుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్లు వాటంతట అవే చల్లగా ఉంటాయి. నలభై ఏళ్లు ఆగిన రీలు ఇంకో నాలుగు నెలలు ఆగుతుంది. అప్పటిదాకా కెమెరాను రీలుతో సహా గాలి దూరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచు.

నాలుగు నెలల కంటే ఎక్కువ ఆలస్యం చేయకమ్మా. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ మా ఊళ్లోకి వచ్చినప్పుడు నా షాపులో నీళ్లు కప్పును తాకాయి. పెళ్లిళ్లు, బారసాలలు, బడిపిల్లల గ్రూపు ఫొటోలు, వేల నెగెటివ్‌లు. నీళ్లు తీశాక చాలామంది చేసిన తప్పు, తడిసినవాటిని ఎండలో పరవడం. ఎండితే ఒకదానికొకటి అతుక్కుని రాయి అవుతాయి. నేను మంచినీళ్ల డ్రమ్ముల్లో మునిగేలా ఉంచి, ఒక్కొక్కటే విడదీస్తూ వచ్చాను. అలా దక్కినవి నాలుగు వందల చిల్లర. ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి, మా అమ్మ పెళ్లి ఫొటో ఏమైనా మిగిలిందా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు లేదు అని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

డబ్బు తీసుకోను. మీ అమ్మగారిని కూడా తీసుకురా.

పెన్నా ఇసుక (కడప):

అయ్యా, మీ జవాబు అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి ఏమీ అనలేదు. రెండోసారి ఆ గీతల సంగతి దగ్గర ఆపి మళ్లీ చెప్పించుకుంది. కెమెరా ఇప్పుడు మా ఫ్రిజ్‌లో ఉంది. రిజిస్టర్డ్ పోస్టులో పంపితే సరిపోతుందా, లేక మేమే రావాలా?

బురుజు వీధి (కర్నూలు):

పోస్టు వద్దు. ఒడిలో పెట్టుకుని బస్సులో రండి. ముందు రోజు సాయంత్రానికి వచ్చేయండి, మా ఇంట్లోనే పడుకోవచ్చు. మా ఆవిడకు అప్పుడే చెప్పాను.

మర్రిమాను నీడ (అనంతపురం):

పెద్దాయనా, మిగిలిన ఫ్రేముల గురించి మీరు చెప్పిన మాట నాకు ఇంతకాలం తట్టలేదు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. అక్కా, మీరు నా మాట వినకుండా, లీవరు తిప్పకుండా ఉన్నందుకు సంతోషం. ఆ రోజు నేను కూడా కర్నూలు రావచ్చా? ఆ ఉయ్యాల పద్ధతి కళ్లతో చూడాలని ఉంది.

బురుజు వీధి (కర్నూలు):

రా నాయనా. చీకట్లో ఏమీ కనిపించదు, చప్పుడు వినవచ్చు. వాచీ ముళ్లు మెరిసేది అయితే బయట తీసి పెట్టి రా.

పెన్నా ఇసుక (కడప):

సంక్రాంతి హడావుడిలో రాయడం ఆలస్యమైంది, మన్నించండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

అమ్మా నేనూ మైదుకూరు, నంద్యాల మీదుగా కర్నూలు వెళ్లాము. అనంతపురం తమ్ముడు మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. మర్నాడు నాలుగింటికి అందరం లేచాము. గది తలుపు సందుల్లో పెద్దాయన కంబళ్లు కుక్కారు. అమ్మ బయట కూర్చోనంది. మూలలో స్టూలు వేసి కూర్చోబెట్టారు.

దీపం ఆర్పాక ముందు ఒక చిన్న చప్పుడు, ఎండిన కొబ్బరిచిప్ప విరిచినట్టు. అది పెట్టె. తర్వాత కాగితం విడుతున్న చప్పుడు, కత్తెర. మొదటి ముక్కను ఏడు నిమిషాలు ఉంచి, హైపోలో (బొమ్మను నిలబెట్టే మందు) ముంచి, దీపం వేసి చూపించారు. ముక్కంతా చిక్కటి గోధుమరంగు. గీత ఎక్కడుందో ఆయన చూపిస్తే గానీ తెలియలేదు. రెండో ముక్క ఐదు నిమిషాలు. ఈసారి ఫ్రేము చుట్టూ గీత, పక్కన 22 అనే అంకె, నేను కూడా చదవగలిగాను. "అయిదున్నర," అన్నారు ఆయన. మళ్లీ దీపం ఆర్పేశారు.

ఆ ఐదున్నర నిమిషాలు వినిపించింది ఒక్కటే, ట్రేలో మందు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పారుతున్న చప్పుడు. తమ్ముడు నిమిషాలు లెక్కపెడుతున్నాడు. అమ్మ ఏదో జపిస్తోంది.

కడిగాక చివరగా బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, కింది కొసకు బట్టల క్లిప్పు పెట్టి, దండేనికి వేలాడదీశారు. కుళాయి నీళ్లతో వదిలేస్తే ఇంత చిన్న ఫ్రేము మీద ఒక్క ఉప్పు మరక పడినా మనిషి మొహం పోతుందట. ఆరిన తర్వాత వాళ్ల అబ్బాయి దీపపు పలక మీద పెట్టి, డిజిటల్ కెమెరాతో ఒక్కో ఫ్రేమునూ దగ్గరగా తీసి కంప్యూటర్‌లో తిరగేశాడు.

పద్నాలుగులో ఎనిమిది వచ్చాయి. మొదటి మూడూ కువైట్‌వి. సముద్రం ఒడ్డున రెండు స్తంభాలు, పెద్దదానికి రెండు గోళాలు, పక్కదానికి ఒకటి. కువైట్ టవర్స్ అని తమ్ముడు వెంటనే గుర్తుపట్టాడు. 1979లో తెరిచారట. 4, 5, 6 పూర్తిగా మసక. 7లో సిద్ధవటం కోట ద్వారం, ముందు ఇసుకలో ఎవరిదో ఎద్దులబండి. 8లో నేను! లేదు, నేనని అమ్మ అంది కానీ అది మా అక్క, నేను అప్పటికి పుట్టలేదు.

11, 12 మా పాత ఇల్లు. రెండూ ఒకే చోట నిలబడి తీసినవి. 11లో ఇల్లంతా ఉంది, పక్కన వేపచెట్టు, పైన ఆకాశం, అరుగు మీద చీమంత మనిషి. 12లో మామ కదల్లేదు, లెన్సు తిప్పారు. వేపచెట్టు, ఆకాశం పోయాయి. అరుగు, చేట, చేట ముందు అవ్వ. ఆమె తల ఎత్తి ఇటు చూస్తోంది, నోరు కొంచెం తెరిచి ఉంది, మామతో ఏదో అంటోంది. ఫిల్ము గింజ బాగా ఉంది, కళ్లు రెండు నల్లటి చుక్కలే. ఎడమ చేయి మాత్రం స్పష్టంగా వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు మధ్య కాయ పట్టుకుని ఉంది, ఇంకా నొక్కలేదు.

అమ్మ తెర దగ్గరకు వెళ్లి చాలాసేపు చూసింది. "ఎండలో నిలబడకురా, లోపలికి రా అంటోంది," అని చెప్పింది. అంత నమ్మకంగా ఎలా చెబుతున్నావని నేను అడగలేదు.

పెద్దాయన 12ను నాలుగుకు ఆరు అంగుళాల సైజులో వేయించమన్నారు, అంతకంటే పెద్దది చేస్తే మొహం చెదిరిపోతుందట. అలాగే వేయించాము. 11 కూడా అదే సైజులో వేయించి రెండూ పక్కపక్కన ఒకే ఫ్రేములో కట్టించాము. పెళ్లి ఫొటో ఉండే మేకుకు ఇప్పుడు అది ఉంది.

కెమెరాకు ఎస్‌ఆర్44 బ్యాటరీలు వేశాను. షట్టర్ కొట్టుకుంటోంది. తమ్ముడు తన దగ్గర ఉన్న కొత్త రీలు ఒకటి ఇచ్చాడు. మొదటి ఫొటో అమ్మది తీయాలని కూర్చోబెట్టాను. 25లో పెట్టి చూస్తే అరుగంతా కనిపిస్తోంది, 50లో పెడితే ఆమె ఒక్కతే. అమ్మ చేతిలో చేట కూడా ఉంది. వెలుతురు తగ్గిపోయింది, రేపు పొద్దున తీస్తాను.